పాల ప్యాకెట్ మీద పేరు.. ద్రాక్షతోటలో పరీక్ష

ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది. సీటూ వచ్చింది. కానీ ఆ ర్యాంకు మీకే నచ్చలేదు. చేరిపోతారా, ఇంకో ఏడాది కూర్చుంటారా? వికారాబాద్‌లోనో తాండూరులోనో ఇంట్లో ఈ మాట ఎత్తితే ఏం వినాల్సొస్తుందో మీకు తెలుసు. 1842లో ఫ్రాన్స్‌లో తోళ్లు శుద్ధి చేసే ఒకాయన కొడుకు ఆ పనే చేశాడు. ప్యారిస్‌లోని ఎకోల్ నార్మల్ ప్రవేశ పరీక్ష పాసై, ర్యాంకు వెనకబడిందని సీటు వదిలేశాడు. మళ్లీ చదివి, 1843లో మంచి ర్యాంకుతో చేరాడు. సీటు వదులుకున్న ఏడాదే రాసిన సైన్స్ పరీక్షలో అతనికి కెమిస్ట్రీలో వచ్చినవి అంతంతమాత్రం మార్కులు. పేరు లూయీ పాశ్చర్.

పాశ్చర్ అంటే రేబిస్ టీకా, పాల ప్యాకెట్ మీద 'పాశ్చరైజ్డ్' అనే ముద్ర. అంతవరకు అందరికీ తెలుసు. ఆ రెండింటి వెనకా ఒక ఊరి వైన్ ఉందని చాలామందికి తెలియదు. తాగమని చెప్పడం లేదులెండి, అందులోని కెమిస్ట్రీ చూడమంటున్నా.

ఆయన 1822 డిసెంబర్ 27న దోల్ అనే ఊళ్లో పుట్టారు. పెరిగింది మాత్రం జూరా ప్రాంతంలోని ఆర్బువాలో. అది సున్నపురాయి నేల. నాపరాళ్ల గనుల మధ్య పెరిగిన తాండూరు వాళ్లకు ఆ నేల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర ఆ నేల కందికి పేరు తెచ్చింది, తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ ట్యాగ్ వచ్చింది. ఆర్బువాలో ద్రాక్షకు పేరు తెచ్చింది. అక్కడి వైన్‌కు 1936లోనే ఫ్రాన్స్‌లో ఇలాంటి గుర్తింపు దక్కింది, దేశంలో మొట్టమొదట దక్కినవాటిలో అదొకటి.

ఆ ఊరి సొంత ద్రాక్ష సవాన్యా. చిన్న కాయ, మందం తోలు, ఆలస్యంగా పండుతుంది. లోకంలో ఎక్కడపడితే అక్కడ దొరకదు. పీపా తరిగినప్పుడల్లా నింపుతూ ఉంటే నాలుక జివ్వుమనే పుల్లటి తెల్ల వైన్ వస్తుంది. నింపకుండా ఆరేళ్లకు పైగా వదిలేస్తే పైన ఈస్ట్ తెరలా కమ్ముకుని, అక్రోటు వాసన వేసే పసుపు వైన్ తయారవుతుంది. అదే కాయ, అదే పీపా. తేడా అంతా గాలిది, కంటికి కనిపించని ఓ జీవిది. పాశ్చర్ జీవితమంతా ఈ రెండింటి చుట్టే తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

ఆ పులుపులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం. మన చింతపండులో ఉన్నదీ అదే. వైన్ పీపాల గోడలకు అది పెచ్చులా పేరుకుంటుంది. పాశ్చర్ మొదటి పెద్ద పని దీని మీదే. 1848లో, పాతికేళ్ల వయసులో, ఈ ఆమ్లానికి చెందిన ఒక లవణం స్ఫటికాలను మైక్రోస్కోప్ కింద పెట్టి, కుడి ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉన్న రెండు రకాలను చేత్తో ఏరి వేరు చేశారు. ఇవాళ మందుల కంపెనీల్లో 'కైరల్' అని మీరు వినే సబ్జెక్టుకు మొదలు అక్కడే.

1854లో లీల్ నగరంలో ప్రొఫెసర్ అయ్యారు. బీట్‌రూట్ నుంచి ఆల్కహాల్ తీసే ఒక వ్యాపారి సరుకు పాడవుతోందని వచ్చి అడిగితే, అది నా బ్రాంచ్ కాదని అనలేదు. పులియడం జీవుల పని అనే దారి అక్కడే పట్టారు.

1863లో మూడో నెపోలియన్ చక్రవర్తి, ఫ్రెంచ్ వైన్ ఎందుకు చెడిపోతోందో తేల్చమన్నాడు. పాశ్చర్ నేరుగా ఆర్బువా వెళ్లారు. ల్యాబ్ ఏదీ? ఊరి మొదట్లో ఓ పాత కాఫీ హోటల్. గ్యాస్ లేదు, బొగ్గు కుంపటి. సామాన్లు ఊరి వడ్రంగులు, కమ్మరులు చేసిచ్చారు. కాలేజీలో ఎక్విప్‌మెంట్ లేదని ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కునే మిత్రులకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చెడిన ప్రతి వైన్‌లోనూ ఏదో ఒక సూక్ష్మజీవి కనిపించింది. వైన్‌ను కాసేపు 50-60 డిగ్రీల దాకా వేడి చేస్తే చాలు, అవి చస్తాయి, రుచి పోదు. 1865లో పేటెంట్ తీసుకుని, ఎవరైనా వాడుకోండని వదిలేశారు. పాలకు ఈ పద్ధతి వాడింది తర్వాతి వాళ్లు.

ఇంట్లో మాత్రం దెబ్బ మీద దెబ్బ. ఐదుగురు పిల్లల్లో ముగ్గురు చిన్నప్పుడే పోయారు. 1868లో పక్షవాతంతో ఎడమవైపు దెబ్బతింది.

నాకు ఎక్కువ ఆసక్తి అనిపించేది 1878. ఆయన స్నేహితుడు, గొప్ప శాస్త్రవేత్త క్లోడ్ బెర్నార్ ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆయన రాసుకున్న నోట్స్ వేసవిలో అచ్చయ్యాయి. ఈస్ట్ లేకుండానే ద్రాక్షరసం ఆల్కహాల్ అవుతుందని వాటి సారాంశం. అదే నిజమైతే పాశ్చర్ ఇరవయ్యేళ్ల పని తలకిందులు. చనిపోయిన స్నేహితుడితో వాదించలేరు, ఊరుకోనూ లేరు.

ఆర్బువా పక్కన రోజియేర్‌లో ఆయనకు 1874లో కొన్న చిన్న ద్రాక్షతోట ఉంది. కాయ పక్వానికి రాకముందే, ఆగస్టులో, కొన్ని తీగల మీద గాజు ఇళ్లు కట్టించారు. లోపలి గుత్తులకు శుద్ధి చేసిన దూది చుట్టారు. ఈస్ట్ బయటి నుంచి వచ్చి కాయ తోలు మీద చేరుతుందన్నది ఆయన లెక్క. అక్టోబర్‌లో పిండి చూస్తే, బయటి కాయల రసం ఒకట్రెండు రోజుల్లో పొంగింది. గాజింటి కాయల రసం కదల్లేదు. అంతటితో ఆగలేదు. గాజింట్లోని గుత్తుల్నే దూది తీసి బయటి తీగలకు వేలాడదీశారు. అవి పులిశాయి! తేడా కాయలో లేదు, గాలి తగలడంలో ఉంది. ప్యారిస్‌లో అకాడమీకి చూపించడానికి ఆ గుత్తుల్ని రైల్లో తీసుకెళ్లారు. భార్య, కూతురు దారి పొడవునా వాటిని నిటారుగా పట్టుకుని కూర్చున్నారట. తాండూరు నుంచి సికింద్రాబాద్ దాకా ప్యాసింజర్‌లో అలా పట్టుకెళ్లడం ఊహించుకోండి.

1885 జులైలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి రేబిస్ టీకా, 1888లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్.. ఆ కథ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆయనేమీ దేవుడు కాదు. వాదనకు దిగితే మొండి. నోట్‌బుక్కుల్లో ఉన్నదానికీ బయట చెప్పినదానికీ కొన్నిచోట్ల పొంతన లేదని చరిత్రకారులు తర్వాత తేల్చారు. 1895 సెప్టెంబర్ 28న చనిపోయారు. రెండేళ్లకే, 1897లో, ఎడువార్డ్ బుక్నర్ ఈస్ట్‌ను నూరి తీసిన రసంతోనే, బతికున్న కణం ఒక్కటి లేకుండా, చక్కెరను ఆల్కహాల్‌గా మార్చి చూపించాడు. ఎంజైములన్నమాట. అంటే బెర్నార్ అనుమానం పూర్తిగా తప్పు కాదు. బుక్నర్‌కు 1907లో నోబెల్ వచ్చింది. జీనోమ్ వ్యాలీలో ఫర్మెంటర్ దగ్గర ఉద్యోగానికి వెళ్తే, ఈ ఇద్దరి సంగతీ మీకు ఇంటర్వ్యూలోనే ఎదురుకావచ్చు.

రోజియేర్ తోట ఇప్పటికీ ఉంది, అర హెక్టారు కూడా ఉండదు. సవాన్యాతో కలిపి అయిదు రకాల జూరా ద్రాక్షను అందులో ఇప్పటికీ పండిస్తున్నారు.