జెఫర్సను కాయగూరల తోట

1787వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఇటలీ దేశపు ఉత్తర భాగమున వరిపొలముల గట్లవెంట ఒక విదేశీయుడు సంచరించుచుండెను. ఆయన ఫ్రాన్సులో నున్న అమెరికా రాయబారి, థామస్ జెఫర్సను. పదునొకండు సంవత్సరములకు పూర్వము అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను రచించినవాడు ఈయనయే. అంతటివానికి వరిపొలములతో నేమి పని?

ఫ్రాన్సు దేశస్థులు కొన్ని వంటకములకు కరోలినా బియ్యమును కాదని ఇటలీలోని పీడ్మాంటు బియ్యమునే కొనుచుండిరి. అచ్చటి దంపుడు యంత్రములో నేదో విశేషము కలదని జెఫర్సను తలచెను. పోయి చూడగా యంత్రము మామూలుదే, వరి వంగడమే వేరు. ఆ విత్తనపు వడ్లను దేశము దాటించుట మరణశిక్షకు పాత్రమైన నేరము. జెఫర్సను తన కోటు జేబులనిండ వడ్లు నింపుకొని బయలుదేరెను. చాలదని, మరియొక బస్తాను కంచరగాడిదలు తోలువానికి ఒప్పగించి, కొండలమీదుగా జెనోవా రేవునకు చేర్చుమనెను. అది చేరునను నమ్మకము ఆయనకే లేదు. రాయబారి చేయదగిన పనియేనా యని మీకు తోచవచ్చును. ఆయన మాత్రము దానిని దేశసేవగానే యెంచెను. జేబులలోని వడ్లు దక్షిణ కరోలినాకు చేరినవి గాని, అచ్చటి రైతులకు నచ్చలేదు. అవి తమ మేలిరకముతో కలిసి దానిని చెఱచునని భయపడి, ఇక పంపవలదని వ్రాసిరి.

ఆయన నిరుత్సాహపడలేదు. నీరు నిలువయుండు పొలములవలన ఏటేట జ్వరములు వ్యాపించి జనులు మరణించుచుండిరి. మెట్టవరి పండించినచో ఈ బాధ తప్పునని 1790లో ఆఫ్రికా తీరమునుండి ఒక పీపా విత్తనములు తెప్పించి దక్షిణ కరోలినా, జార్జియాలకు పంచెను. 1800 ప్రాంతమున తాను దేశమునకు చేసిన సేవలను లెక్క వ్రాసికొనుచు, స్వాతంత్ర్య ప్రకటన వ్రాసిన జాబితాలోనే ఈ వడ్లను, తాను పంపించిన ఆలివు మొక్కలను గూడ చేర్చెను. తెచ్చిన నూరు రకములలో ఒక్కటి అక్కఱకు వచ్చినను తక్కిన తొంబదితొమ్మిదింటి శ్రమ తీరునని ఆయన నమ్మిక.

జెఫర్సను 1743లో వర్జీనియాలో జన్మించెను. న్యాయవాదిగా, గవర్నరుగా, 1801 మొదలు 1809 వరకు దేశాధ్యక్షుడుగా ఆయన చేసిన పనులు చరిత్ర గ్రంథములలో కలవు. మనకు కావలసినది మాంటిసెల్లో యను కొండపై ఆయన పెంచిన తోట. కొండ ప్రక్కను చెక్కి 1000 అడుగుల పొడవున చదునుచేసిన ఆ నేలలో 300కు పైగా కాయగూరల వంగడములు పండినవి. 1766లో మొదలిడిన తోట పుస్తకమును ఆయన 1824 వరకు వ్రాసెను. ఏ విత్తు ఎప్పుడు నాటినది, ఎప్పుడు భోజనపు బల్లకు వచ్చినది అందు కలదు. చచ్చిన మొక్కలను దాచలేదు. పంట పోయినదను మాట పలుచోట్ల కనబడును. లెట్యూసు ఆకుకూర విత్తనములను ప్రతి సోమవారము దర్జీవాని అంగుస్తానాకు నిండుగా కొలిచి చల్లవలెనని నియమము పెట్టుకొనెను. ముందుగా బటానీలు కాయించినవాడు ఇరుగుపొరుగువారికి విందు చేయుట అచ్చటి వేడుక.

పారిసులోని ఉద్యానమునకు అధికారియైన ఆంద్రే తువేన్ ఆయనకు పాతమిత్రుడు. ఆయన పంపిన ఒక పెట్టెలో 700 జాతుల విత్తనములుండెను. ఆ కాలమున ఇంగ్లండు, ఫ్రాన్సులకు ఘోరయుద్ధము జరుగుచుండెను. తన దేశపు ఓడలు పరదేశపు రేవులకు పోరాదను శాసనముపై 1807లో సంతకము చేసినవాడు జెఫర్సనే! అయినను, రాజ్యములు పోరాడుచున్నను శాస్త్రజ్ఞుల సంఘములు ఎప్పుడును సమాధానముగనే యుండునని ఆయన 1809లో ఒక మిత్రునకు వ్రాసెను. వచ్చిన విత్తనములను తనయొద్దనే యుంచుకొనక ఫిలడెల్ఫియాలోని విత్తనముల వర్తకుడు బెర్నార్డ్ మెక్‌మాన్ మొదలగువారికి పంచుచుండెను. ఒక తోటలో నశించినది మరియొక తోటలో దొరకును గదా. 1804–06 సంవత్సరములలో పడమటి దేశమును శోధించి వచ్చిన లూయిస్, క్లార్కులు తెచ్చిన గింజలుకూడ ఇట్లే పంచబడినవి. మిస్సోరీ నదీతీరమున అరికరా జాతివారు తరతరములుగా పండించుకొనుచున్న బీన్సు గింజలు మాంటిసెల్లోలో మొలచినది ఆ విధముగనే.

అయితే ఆ తోటలో పలుగు పట్టినవా రెవరు? మానవులందఱు సమానులని వ్రాసిన జెఫర్సను తన జీవితకాలమున 600 మందికి పైగా బానిసలకు యజమానియై యుండెను. కొండను చదునుచేసినవారు, నీరు మోసినవారు బానిసలు. వారు తమ గుడిసెలయొద్ద స్వంతముగా కూరలు పండించి, వానిని యజమాని యింటికే అమ్ముచుండిరి. ఆయన మనుమరాలు వ్రాసిన లెక్కలలో వారి పేర్లు, దోసకాయలు, కోళ్లు, గ్రుడ్లు నేటికిని చూడవచ్చును.

1826 జులై 4వ తేదీన జెఫర్సను మరణించెను. ఆయన సమాధిని త్రవ్వినవాడు తోటమాలి వార్మ్లీ హ్యూస్. అతనికి విముక్తి లభించినది. కాని జెఫర్సను అప్పులు తీర్చుటకై 1827 జనవరిలో దాదాపు 130 మందిని వేలము వేసిరి. హ్యూస్ భార్యాబిడ్డలు అందులో నుండిరి.

తోట పాడువడెను. 1979లో త్రవ్వకములు జరిపి, ఆ పాత పుస్తకము సాయముతో దానిని మరల నిలిపిరి. నాటి వంగడముల విత్తనములను తోటలు పెంచువారికి అందించుటకు 1987లో అచ్చటనే ఒక కేంద్రము స్థాపింపబడినది.