జఠరానికి తెరచిన కిటికీ: డాక్టర్ విలియం బోమాంట్

కోటి విద్యలు కూటి కొరకేనని నమ్మిన జాతి మనది. ఆ కూడు సంపాదించుటకు మానవుడు పడే పాట్లు అందరికీ తెలిసినవే. కాని మ్రింగిన ముద్ద గొంతు దిగిన తరువాత దాని గతి ఏమిటన్న ప్రశ్న వేల ఏండ్ల వరకు అంతు చిక్కలేదు. కడుపులో నిప్పు వంటిదేదో అన్నాన్ని పక్వం చేస్తున్నదని మన పూర్వులు భావించి దానిని జఠరాగ్ని అన్నారు. ఐరోపా పండితులలో కొందరు జఠరం తిరుగలివలె ఆహారాన్ని నలుపుతుందన్నారు. మరికొందరు పిండి పులిసినట్లు అది లోపల పులుస్తుందన్నారు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో రోమర్, ఇటలీలో స్పల్లాంజానీ ఆహారాన్ని కరిగించే రసం ఒకటి జఠరంలో ఉన్నదని ప్రయోగపూర్వకంగా చూపినా వివాదం సమసిపోలేదు. బ్రతికియున్న మనిషి కడుపులోనికి తొంగి చూచి ఈ చిక్కు విప్పిన వైద్యుడు విలియం బోమాంట్. ఆయన చరిత్రను, దానితో విడదీయరాని మరొక నిరుపేద చరిత్రను మా విద్యార్థుల ముందు ఉంచదలచాము.

బోమాంట్ 1785వ సంవత్సరం నవంబరు 21వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, లెబనాన్ అనే గ్రామంలో, ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఇరవై ఏండ్లు దాటిన పిమ్మట ఇల్లు విడచి న్యూయార్క్ రాష్ట్రంలోని ఛాంప్లేన్‌లో బడిపంతులుగా పనిచేశాడు. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ వైద్యం చదువలేదు. వెర్మాంట్‌లో ఒక వైద్యుని వద్ద శుశ్రూష చేసి, చూచి, చేసి నేర్చుకొని 1812లో వైద్యం చేయుటకు అనుమతి పొందాడు. ఆ ఏడే ఇంగ్లండుతో యుద్ధం రాగా సైన్యంలో శస్త్రవైద్యునికి సహాయకుడుగా చేరాడు. కొంతకాలం సొంతంగా వైద్యం చేసి, మరల సైన్యంలో ప్రవేశించి, మిచిగన్ ప్రాంతంలోని మాకినాక్ ద్వీపపు కోటలో వైద్యుడుగా నియమింపబడ్డాడు.

1822 జూన్ 6వ తేదీన ఆ ద్వీపంలో బొచ్చుతోళ్ళ వ్యాపార సంస్థ దుకాణంలో ఒక తుపాకి పొరపాటున పేలింది. అతి సమీపంలో నిలచియున్న అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడు నేలకూలాడు. అతడు కెనడాకు చెందిన ఫ్రెంచి వాడు. ఆ సంస్థవారి పడవలు నడపే కూలి. ఎడమ ప్రక్క ప్రక్కటెముకలు విరిగి, జఠరానికి రంధ్రం పడి, ఉదయం తిన్న ఆహారం ఆ గాయం నుండి వెలికి వచ్చింది. అతడు బ్రతుకుతాడని బోమాంట్ సైతం ఆశించలేదు. అయినను విడువక చికిత్స చేశాడు. ద్వీపవాసులు పోషణభారం వదలుకొనగా అతనిని తన యింటనే ఉంచుకొన్నాడు. గాయం మానింది గాని రంధ్రం మూసుకొనలేదు. జఠరపు లోపలి పొర మడతపడి దానికి తలుపువలె అడ్డు నిలచింది. వ్రేలితో త్రోస్తే ఆ తలుపు తెరచుకొనేది.

1825లో ప్రయోగాలు ప్రారంభమైనాయి. ఆగష్టు 1వ తేదీ మధ్యాహ్నం మాంసపు ముక్కలు, రొట్టె, క్యాబేజీ పట్టుదారానికి కట్టి ఆ రంధ్రం గుండా జఠరంలోనికి దించి, గంట గంటకూ పైకి తీసి పరిశీలించాడు. మొదటి గంటకే రొట్టె, క్యాబేజీ సగం కరిగాయి. మాంసం అట్లే ఉన్నది. రెండవ గంటకు మాంసంలోనూ కొంత భాగం కరిగిపోయింది. మరొకమారు జఠరరసాన్ని గొట్టం ద్వారా బయటకు తీసి, గాజుపాత్రలో పోసి, శరీరపు వేడి తగిలేటట్లు ఉంచి అందులో మాంసం వేశాడు. కడుపులోకంటె నెమ్మదిగానైనా అదియు కరిగింది. రసం చల్లబడితే ఆ శక్తి కనిపించలేదు. దీనితో జీర్ణక్రియ ప్రధానంగా రసాయనిక చర్య అని రుజువైనది. ఆ రసంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నదని 1824లోనే ఇంగ్లండులో ప్రౌట్ కనుగొనగా, బోమాంట్ పంపిన రసాన్ని పరీక్షించిన అమెరికన్ ఆచార్యులు దానిని ధ్రువపరచారు. ఆకలిగా ఉన్నప్పుడు జఠరంలో రసం నిలువ ఉండదనీ, ఆహారం తగలగానే ఊరుతుందనీ, కోపతాపాలు జీర్ణక్రియను చెరుపుతాయనీ, మితిమీరిన మద్యం జఠరపు పొరను ఎఱ్ఱబార్చి పుండు చేస్తుందనీ ఆయన కన్నులారా చూచాడు. ఉడికిన అన్నానికి ఒక గంట, కాచిన పాలకు రెండు గంటలు పట్టునని పట్టికలు సైతం తయారు చేశాడు. మొత్తం 238 ప్రయోగాల వివరాలతో ఆయన గ్రంథం 1833లో వెలువడింది.

బోమాంట్ చూచినది జీర్ణవ్యవస్థలో ఒక గది మాత్రమే. ఆ మార్గమంతటినీ మనం ఈనాడు ఎరుగుదుము. నోటిలో దంతాలు ఆహారాన్ని నమలగా లాలాజలం పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుట మొదలుపెడుతుంది. సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహిక కండరాల అలలతో ముద్దను జఠరానికి చేరుస్తుంది. అచ్చట ఆమ్లమూ, 1836లో ష్వాన్ కనుగొన్న పెప్సిన్ అనే ఎంజైమూ కలసి మాంసకృత్తులను చిన్న ఖండాలు చేస్తాయి. జిగురుపొర కాపాడబట్టి జఠరం తన్ను తాను జీర్ణించుకొనదు. పిదప సుమారు ఆరు మీటర్ల చిన్నప్రేగులో కాలేయం నుండి వచ్చే పైత్యరసం క్రొవ్వును సన్నని బిందువులుగా విడగొట్టగా, క్లోమరసం పిండిని, మాంసకృత్తులను, క్రొవ్వును విచ్ఛిన్నం చేస్తుంది. ప్రేగు గోడలపై గల అతిసూక్ష్మమైన చూషకాలు ఆ సారాన్ని గ్రహిస్తాయి. మిగిలిన దాని నుండి పెద్దప్రేగు నీటిని పీల్చుకొంటుంది.

ఇంతటి జ్ఞానానికి ద్వారం తెరచిన సెయింట్ మార్టిన్ పొందినదేమి? అతడు ఒకవంక ప్రయోగవస్తువు, మరొకవంక వైద్యుని యింట కట్టెలు కొట్టే సేవకుడు. 1825లోనే చెప్పకుండ కెనడా వెళ్ళిపోయి వివాహం చేసుకొన్నాడు. నాలుగేండ్లకు భార్యాబిడ్డలతో తిరిగి వచ్చాడు. 1832లో ఏడాదికి 150 డాలర్లు, తిండి, బట్ట, వసతి ఇచ్చేటట్లు ఒడంబడిక జరిగింది. చదువురాని అతడు దానిపై గీతగుర్తు పెట్టాడు. 1834లో ఇంటికి పోయినవాడు బోమాంట్ ఎన్ని విధాల పిలిపించినా మరల రాలేదు.

బోమాంట్ సెయింట్ లూయీ నగరంలో పేరుగాంచిన వైద్యుడై, మంచుపట్టిన మెట్లపై జారిపడి, 1853 ఏప్రిల్ 25వ తేదీన మరణించాడు. కడుపున రంధ్రంతోనే సెయింట్ మార్టిన్ మరి 27 ఏండ్లు జీవించి 1880లో కన్ను మూశాడు. వైద్యులు శవాన్ని కోయగోరుతారన్న భయంతో కుటుంబంవారు దానిని క్రుళ్ళిపోనిచ్చి, లోతైన గోతిలో పాతిపెట్టారు. 1962లో కెనడా శరీరధర్మశాస్త్రజ్ఞులు అతని స్మృతికి ఫలకం నెలకొల్పారు.

బోమాంట్ క్రూరుడని మేము అనజాలము. ఆయనే లేకున్న ఆ యువకుడు 1822లోనే మరణించియుండేవాడు. కాని ప్రాణం నిలిపిన మేలు ఆ ప్రాణిపై హక్కు కాజాలదు. పేదవాడు ఆకలికి లోబడి పెట్టిన గుర్తును మనఃపూర్వకమైన అంగీకారమనుట కష్టం. రోగి స్వేచ్ఛగా సమ్మతింపనిదే ప్రయోగం చేయరాదన్న నియమం 1947లో న్యూరెంబర్గ్ తీర్పుతో గాని లోకానికి స్పష్టపడలేదు. రేపు వైద్యులు, శాస్త్రజ్ఞులు కానున్న మన విద్యార్థులు బోమాంట్ ఓర్పును, సూక్ష్మదృష్టిని అలవరచుకొందురుగాక. జీర్ణక్రియ పాఠం చదివినప్పుడెల్ల, అందులోని ప్రతి వాక్యం వెనుక పెద్దల పేర్లతోపాటు ఒక పడవకూలి పడిన బాధ కూడ ఉన్నదని మరువకుందురుగాక.