గోర్డన్ బ్యూరిగ్

వేగముగా పరుగిడు మోటారుబండికి పైకప్పు స్థిరముగా నుండవలెనా, ఊడదీయ వీలుగా నుండవలెనా? ఈ చిక్కును విప్ప యత్నించిన యొక శిల్పి చరిత్రమును మా సోదర విద్యార్థుల కెఱిగింప దలచితిమి.

గోర్డన్ బ్యూరిగ్ 1904 వ సంవత్సరము జూన్ 18 వ తేదీని అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున మేసన్ సిటీ యను చిన్న పట్టణమందు జన్మించెను. 1929 లో, పిన్న ప్రాయముననే, డ్యూసెన్‌బర్గ్ కంపెనీలో బండ్ల రూపశిల్పులకు ముఖ్యుడయ్యెను. ఆబర్న్ స్పీడ్‌స్టర్, కార్డ్ 810 అను ప్రసిద్ధ శకటముల రూపము ఈయన కల్పనయే. 1936 నాటి కార్డ్ బండి ముందరి దీపములు పగటివేళ చక్రములమీది రేకులలో దాగియుండెడివి.

1948 లో ఈయన టాస్కో యను పందెపుబండి నొకదానిని రూపొందించెను. పైకప్పు గల బండి దృఢమైనదే కాని గాలి చొరనీయదు. కప్పు లేని బండికి గాలి సమృద్ధియే కాని, పైని కట్టు లేనందున గతుకులలో మెలిదిరుగును. ఈ రెంటికిని పొత్తు కుదుర్ప నెంచి, బ్యూరిగ్ ముందరి అద్దమునుండి వెనుకవఱకు నడుమ నొక పట్టె నుంచి, దాని కిరువైపుల ఊడదీయదగు పారదర్శకమైన పలకల నమర్చెను. దీనికి 1951 జూన్ 5 న పేటెంటు లభించెను. టాస్కో బండి మాత్రము ఒక్కటియే తయారయ్యెను.

ఈ యేర్పాటునకు దోషములు లేకపోలేదు. పలకలు రెండైనచో అతుకులును పెరుగును. అతుకులలోని రబ్బరు ముదిరినచో వాన నీరు కారును. ఊడదీసిన పలకలను బండిలో నుంచినచో సామానులకు చోటు తగ్గును. ఇంట విడిచి వచ్చినచో, గొడుగు మఱచి వానకు చిక్కిన బాటసారి గతియే పట్టును. పారదర్శకమైన పలక ఎండను లోని కీడ్చును.

ఐనను నడుమ పట్టె యొక్క విలువ తరువాత తేటపడినది. 1968 నాటి కార్వెట్ బండికి జనరల్ మోటార్స్ వారు మొదట ఒకే పలకను దలచిరి. బండి మెలిదిరుగుచుండుటచే పట్టెనే ఆశ్రయించిరి. 1984 నాటి కార్వెట్‌లో పట్టెను తొలగించి, ఆ బలమును ప్రక్కల గడపలకు చేర్చిరి. ఆకాశము విశాలముగా కానవచ్చెను గాని, ఎత్తైన గడపలు దాటి యెక్కుట దిగుట కష్టమయ్యెను. ఒకచోట తీసిన బలమును వేఱొకచోట చెల్లింపక తప్పదు గదా!

బ్యూరిగ్ ఫోర్డు కంపెనీలో 1965 వఱకు పనిచేసి, పిమ్మట కాలిఫోర్నియాలో విద్యార్థులకు శిల్పము బోధించెను. 1990 జనవరి 22 న పరమపదించెను. ఆయన ఏకైక టాస్కో ఇండియానా రాష్ట్రమందలి ఆబర్న్ పట్టణపు ప్రదర్శనశాలలో భద్రపఱుపబడినది.

బండి యమ్ముడుపోలేదు, భావము నిలిచినది. తొలి యత్నము ఫలింపనంత మాత్రమున ఆలోచన వ్యర్థమని నిరాశ చెందరాదని ఈ చరిత్రమువలన మనము గ్రహింపవలెను.