కొండలు అడ్డురాని చూపు: డాక్టర్ విక్రం సారాభాయ్

మన లోయలో పెరిగిన నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంటిమీద యాంటెన్నా ఎటు తిప్పినా టీవీలో చుక్కలే కనిపించేవి. టవర్ నుంచి వచ్చే తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. విశాఖకూ మనకూ మధ్య అనంతగిరి కొండలున్నాయి. ఆ అడ్డును ఆకాశం మీదుగా దాటవచ్చని నమ్మి, దేశాన్ని ఆ దారి పట్టించిన మనిషి విక్రం సారాభాయ్.

ఆయన 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో సంపన్న మిల్లు యజమానుల ఇంట పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివారు. యుద్ధకాలంలో బెంగళూరులో సి.వి.రామన్ దగ్గర విశ్వకిరణాలపై పరిశోధన చేశారు. 1947లో అహ్మదాబాద్‌లో భౌతిక పరిశోధనాలయం స్థాపించారు. 1963 నవంబర్ 21న తుంబా నుంచి తొలి రాకెట్ ఎగిరింది. 1969లో ఇస్రో ఏర్పడింది. మన శ్రీహరికోటను రాకెట్ కేంద్రంగా ఎంచుకున్నదీ ఆయన హయాంలోనే.

పేద దేశానికి ఉపగ్రహాలెందుకని అడిగినవారికి ఆయన పల్లెలను చూపించారు. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం, భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగే కాలంలోనే ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అందుకే మనకు అది కదలకుండా నిలిచినట్టుంటుంది. డిష్‌ను ఒకసారి గురిపెడితే చాలు. అరకులో ఇన్‌శాట్ వైపు పెట్టిన డిష్ నేల నుంచి 65 డిగ్రీలకు పైగా తలెత్తి చూస్తుంది. ఆ చూపుకు గాలికొండ కూడా అడ్డురాదు.

1969లోనే ఆయన నాసాతో ఒప్పందం కుదిర్చారు. కానీ ఫలితం చూడలేదు. 1971 డిసెంబర్ 30న, 52 ఏళ్లకే, కోవళంలో కన్నుమూశారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు అందాయి. వాటిలో మన రాష్ట్రమూ, మన తెలుగూ ఉన్నాయి. 1983లో ఇన్‌శాట్-1బి వచ్చింది.

ఇంజనీరుగా ముప్పై ఏళ్లు పనిచేశాక నాకు అర్థమైంది ఇదే. ఆయన ముందు తలుచుకున్నది నగరాన్ని కాదు, దారి లేని ఊరిని. నేటికీ ఫోన్ సిగ్నల్ కోసం గుట్టెక్కే గూడేలు మన చుట్టూ ఉన్నాయి. ఈ బడిలో చదువుకుని పైకొచ్చిన మనం, ముఖ్యంగా చిన్నవాళ్లు, ఆ మిగిలిన పనిని మనదిగా తీసుకుంటే స్వర్ణోత్సవానికి అర్థం ఉంటుంది.