కోయంబత్తూరు జి. డి. నాయుడుగారి చరిత్రము

మద్రాసునుండి కలకత్తాకు పోవు పెద్దరోడ్డు ప్రక్కన నిలుచు మన బాలురకు ఇటీవలివఱకును ఒక వింతబండి తఱచుగా కనబడుచుండెడిది. దానికి కప్పు లేదు, తలుపులు లేవు, అద్దములు లేవు. ఇనుపచట్రము, ఇంజను, చక్రములు మాత్రమే యుండును. తోలువాడు తలకును చెవులకును తువాలు చుట్టుకొని, గాలికిని దుమ్మునకును ఎదురుగా కూర్చుండి, దానిని వందలకొలది మైళ్లు నడపుకొని పోవును. దీనిని ఛాసీ యందురు. కర్మాగారమువారు చట్రమును మాత్రము చేసి పంపగా, పైభాగమును వేఱొక యూరి వడ్రంగులును కమ్మరులును కట్టుదురు. మోటారులు వచ్చిన తొలిదినములలో ఈ చట్రములును సీమనుండియే వచ్చెడివి. కార్లు విడిభాగములుగా కొయ్యపెట్టెలలో ఓడలమీద దిగెడివి. 1928వ సంవత్సరమున జనరల్ మోటార్సు వారు బొంబాయిలో అట్టి భాగములను కూర్చు శాల నొకదానిని స్థాపించిరి. చేయుట పరులపని, కూర్చుట మనపని యను రీతి చాలకాలము సాగెను. ఆ రీతిని సహింపని తెలుగువారొకరు తమిళదేశమున నుండిరి. వారి చరిత్రమును ఈ సంచికలో మా విద్యార్థులకు చెప్పదలచితిమి.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీని కోయంబత్తూరు చేరువనున్న కలంగల్ గ్రామమున వ్యవసాయదారుల యింట జన్మించిరి. ఆ ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కులు గలవు. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు వారి వాడుక. నాయుడుగారికి బాల్యమునందు బడి యనిన గిట్టెడిది కాదు. ఉపాధ్యాయునిపై ఇసుక చల్లి తప్పించుకొనిపోయిరని ప్రతీతి. ఉపాధ్యాయులమైన మాకీ సంగతి వ్రాయుట రుచింపకున్నను, దాచుట న్యాయము గాదు. ఏది యెట్లున్నను, వారి బడిచదువు మూడు తరగతులను మించలేదందురు.

వారి అసలు చదువు వేఱొకచోట మొదలయ్యెను. ఇంగ్లీషు రెవెన్యూ ఉద్యోగి యొకరు మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చుచుండిరి. అది రడ్జి యను కంపెనీవారు 1912లో చేసిన బండి. గుఱ్ఱము లేదు, ఎద్దు లేదు. బండి తనంతట తాను పోవుచున్నది! దానిని చూచిన నాయుడుగారికి నిద్ర పట్టలేదనిన ఆశ్చర్యము లేదు. ఆ బండి తనకు కావలెనని నిశ్చయించుకొని, వారు కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపని కుదిరిరి. పొలము గల యింటి బిడ్డ పరులకు ఇడ్డెనలు వడ్డించుట ఆ దినములలో చిన్నతనముగా నెంచబడెడిది. వారు దానిని లెక్కచేయక, జీతమునుండి పైకము కూడబెట్టి, తుదకు ఆ బండినే ఆ దొరవద్ద కొనిరి.

ఇంతకష్టపడి కొన్నవాడు దానిపై నెక్కి ఊరేగునని మన మనుకొందుము. నాయుడుగారు దానిని విప్పిరి. పెట్రోలును గాలితో కలుపు కార్బురేటరు, నిప్పురవ్వను పుట్టించు మాగ్నెటో, లోపల ఎగసిపడు పిస్టను, ఆ ఎగసిపాటును తిరుగుడుగా మార్చు ఇరుసు, వీనినన్నిటిని ఊడదీసి, చూచి, మరల కూర్చిరి. విప్పుట యెవరికైనను వచ్చును. మా బడిలో గడియారములను విప్పిన బాలురు చాలమంది కలరు. కూర్చునపుడు ఒక్క మరయైనను మిగులకుండుటయే పరీక్ష. చెప్పువారు లేక, చూచుటకు పటములు లేక, విప్పిన వరుసను మనస్సున నిలుపుకొని తిరుగు వరుసలో కూర్చుటవలన ఏ భాగ మెందుకున్నదో వారికి బోధపడెను.

పిదప మొదటి ప్రపంచయుద్ధకాలమున ప్రత్తి వ్యాపారములో ధనము గడించి, బొంబాయి చేరి, అక్కడ నదియంతయు పోగొట్టుకొనిరి. ఉత్తచేతులతో తిరిగివచ్చిన వారిని ఆదుకొన్నది కోయంబత్తూరులో ప్రసిద్ధులైన రాబర్టు స్టేన్సు దొరగారు. 1862లో ఆ పట్టణమున పాఠశాలను స్థాపించినవారు ఈ దొరగారే. వారి సహాయముతో నాయుడుగారు 1920వ సంవత్సరమున ఒక బస్సును కొని, పొల్లాచి పళనిల నడుమ నడిపిరి. సుమారు 40 మైళ్ల దారి. తోలువారును తామే. పళని కొండకు యాత్రికులు ఏడాది పొడుగునను పోవుచుండుటచే బండికి జనము కొఱవడలేదు. ఒక బస్సు పలుబస్సులై, యూనివర్సల్ మోటారు సర్వీసు అను సంస్థ వెలసి, దక్షిణదేశమున పేరుగాంచెను.

ధనము చేరినపిదప చాలమంది విశ్రమింతురు. నాయుడుగారు మరల విప్పుటకే పూనుకొనిరి. సీమలకు పోయి యంత్రశాలలు చూచిరి. 1936లో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను లండనులో తమ కెమేరాతో చిత్రము తీసిరి. మఱుసటియేట బాలసుందరం నాయుడుగారి తోడ్పాటుతో, పీలమేడులోని తమ నేషనల్ ఎలెక్ట్రిక్ వర్క్సులో విద్యుత్ మోటారును తయారుచేయించిరి. మనదేశమున తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దానిని చెప్పుదురు. పొలములో బావినీరు తోడు కాపునకు ఆ మోటారు ఏమిచేసినదో గోదావరికాలువలక్రింద పెరిగిన మన బిడ్డలకు వెంటనే తెలియదు, కోయంబత్తూరుది మెట్టదేశము. గడ్డము గీయు రసాంటు అను విద్యుద్యంత్రము, పలుచని బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా మొదలైనవియు వారి చేతిమీదుగా వచ్చినవే. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఈయగలమని ప్రకటించిరి.

బడి నొల్లనివారు బడి పెట్టుట విచిత్రము. 1945లో గవర్నరు ఆర్థరు హోపు దొరగారి పేర పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కాలేజిని నెలకొల్పి, తామే ప్రిన్సిపాలుగా నుండిరి. నాలుగేండ్ల చదువు బాలురకు కాలహరణమనియు, రెండేండ్లలోనే అదియంతయు నేర్పవచ్చుననియు వారి వాదము. ప్రభుత్వ మంగీకరింపలేదు, వారు పదవిని విడిచిరి. ఈ విషయమున మేము పూర్తిగా నాయుడుగారి పక్షము వహింపజాలము. గణితమును త్వరపెట్టిన లోపల నిలువదని మా యనుభవము. అయినను పుస్తకము వల్లించి, మర చేతబట్టనెఱుగని పట్టభద్రులను చూచినపుడెల్ల వారి మాట జ్ఞప్తికి వచ్చుచుండును. ఆ కాలేజి నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలయై వేఱుచోటనున్నది. మొదటి తావునకు మాత్రము హోపు కాలేజి యను పేరే నిలిచియున్నది.

1952లో వారి జీవితమునందలి పెద్ద ఆశ రూపుదాల్చెను. ఇద్దఱు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారు నొకదానిని తయారుచేసి, దానిని 2,000 రూపాయలకు అమ్మవచ్చునని చూపిరి. అది పెద్ద జమీందారులకొఱకు గాక, వైద్యునికిని, బడిపంతులకును అందుబాటులోనుండు బండి. ఉత్పత్తిచేయుటకు ప్రభుత్వము అనుమతి పత్రము నీయలేదు. కారు తయారైనది, కర్మాగారము కలదు, పనివారు కలరు, కాగితము లేదు. ఆ బండి అంతటితో ఆగిపోయెను. పన్నులభారమునుగూర్చి ప్రభుత్వముతో వారికి వివాదమును కలిగెను. తమ చేతివస్తువులను తామే బహిరంగసభలో పగులగొట్టి నిరసన తెలిపిరి. ఒకనాడు మోటారు సైకిలును విప్పి ఒక్క మరయు మిగులకుండ కూర్చిన చేతులతోనే ఈ పని జరిగెనని తలచినపుడు మాకు దుఃఖము కలుగును. కోపము న్యాయమైనదే కావచ్చును. బ్రద్దలైనవి మాత్రము పేద బాలురు చూచి నేర్చుకొనవలసిన వస్తువులు.

కడపటి యేండ్లలో వారు వ్యవసాయ పరిశోధనమునందును పారిశ్రామిక ప్రదర్శనమునందును కాలము గడపిరి. వారి తోటను చూడవచ్చినవారిలో సర్ సి. వి. రామన్, సర్ విశ్వేశ్వరయ్యగార్లు కలరు. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీని నాయుడుగారు పరమపదించిరి. కోయంబత్తూరులో వారి పేర నెలకొన్న ధర్మసంస్థవారు 2015లో పాత కార్ల ప్రదర్శనశాలను తెఱచిరి. జర్మనీ, ఇంగ్లండు, అమెరికా దేశముల బండ్లు అక్కడ వరుసగా నిలిచియున్నవి. సెలవులలో పళనికో, ఉదకమండలమునకో పోవు మన పిల్లల తలిదండ్రులు దారిలో ఒక పూట అక్కడ ఆగవచ్చును.