రుద్రదేవ మహారాజు అను బిరుదము

కాకతీయ రుద్రమదేవి పేరు వినని యాంధ్రు డుండడు. కాని యామె కాలపు శాసనములను జదువబూనినవారికి మొట్టమొదటనే యొక చిక్కు తోచును. వానిలో పెక్కింట రుద్రదేవ మహారాజు అను పుంలింగ నామమే కానవచ్చును. ఆ మహారాజు స్త్రీ యని యా మాటలను బట్టి యెవరును గుర్తింపజాలరు. ఈ బిరుదమున కర్థమేమి, ఇది యెట్లు పుట్టినది యను విషయమును మే మిచ్చట విచారింపదలచితిమి.

రుద్రమ యనగా రుద్ర, అమ్మ అను పదముల కలయిక, సంస్కృతమున రుద్రాంబ. రుద్ర నామ మా వంశమునకు గ్రొత్త కాదు. 1163లో హనుమకొండలో వేయిస్తంభముల గుడి కట్టించిన రుద్రదేవుడు గణపతిదేవునకు పెదతండ్రి. గణపతిదేవుడు పుత్రసంతానము లేనందున కుమార్తెనే రాజ్యమునకు సిద్ధపరచెను. విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు రత్నాపణమను వ్యాఖ్య రచించిన కుమారస్వామి సోమపీథి, ఈ పురుషనామము తండ్రి యిచ్చినదే యని తెల్పినాడు. ఈ కుమారస్వామి మల్లినాథసూరి కుమారుడు. కావ్యములు చదువుకొన్నవారి కాతని మాట యనిన గౌరవము. ప్రతాపచరిత్రాదులలో హరిహరదేవ మురారిదేవులను సవతి సోదరు లీమెపై దిరుగబడిరని కథ కలదు గాని, దానిని బలపరచు శాసన మొక్కటియు లేదు.

ఆమె మహారాణి యని యేల పిలిపించుకొనలేదు? రాణి, దేవి, మహిషి యను శబ్దములు లోకవ్యవహారమున రాజుయొక్క భార్యను దెల్పును. అవి సంబంధమును జెప్పునవి. మహారాజ శబ్దము పదవిని జెప్పునది. రుద్రమదేవి భర్త నిడదవోలు చాళుక్య వంశజుడైన వీరభద్రుడు. ఆతనినిబట్టి యీమెకు రాజ్యము రాలేదు. కావున నధికారమును దెల్పుటకు పుంలింగ పదమే శరణ్యమైనది. ఇది వేషము కాదు, వ్యాకరణమునకును రాజనీతికిని గలిగిన సంధి యని మా యభిప్రాయము. ఢిల్లీలో 1236లో సింహాసన మెక్కిన రజియాయు సుల్తాన్ అనియే వ్యవహరింపబడుట యిచ్చట స్మరింపదగియున్నది.

సుమారు 1260 నుండి ఆమె తండ్రితో గూడి రాజ్యమేలెను. తండ్రి జీవించియుండగా నామెకు పట్టోద్ధతి యను విశేషణ ముండెను. పట్టమనగా రాజు నుదుట గట్టు పట్టిక. ఉద్ధృతి యనగా ఎత్తుకొనుట. పట్టమును వహింప నిర్ణయింపబడి, యింకను పూర్ణాభిషేకము గానిదని చరిత్రకారులు దీనికి భావము చెప్పిరి.

రాయగజకేసరి యనునది మరియొక బిరుదము. రాయలనెడి గజములకు సింహము వంటిదని విగ్రహవాక్యము. రాయ శబ్దము రాజ శబ్దమునకు తద్భవము. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తివచ్చి యోడిపోయిన పిమ్మట నీ బిరుదము మాటగా నిలువలేదు; బీదరు కోటలోని శాసన మామె విజయమునకు సాక్షి. ఓరుగల్లు స్వయంభూదేవాలయ శిల్పములలో సింహము నెక్కి, కత్తియు డాలును ధరించిన యొక వీరనారి కలదు. అది యీ బిరుదమునకే రూపకల్పన యని పండితులు గుర్తించిరి. చూడనివారు చూడవలెను.

పుంలింగ బిరుదమువలన గలిగిన నష్టమును లేకపోలేదు. మార్కోపోలో మోటుపల్లి రాజ్యమును వర్ణించుచు నీమె వివేకమును మెచ్చుకొనియు, మృతుడైన రాజుయొక్క భార్యగా దలచెను. పూర్వపు చరిత్రకారులును కొంద రామెను గణపతిదేవుని భార్య యనిరి. కృష్ణానదీతీరమున మందడమునకు జెందిన 1261 నాటి మల్కాపుర శాసనము ఈ భ్రమను దొలగించినది. తండ్రి విశ్వేశ్వర శివాచార్యులకు వాగ్దానము చేసిన గ్రామమును కుమార్తె యిచ్చినట్లందు గలదు. ఆ యాదాయమున ప్రసూతిశాల, ఆరోగ్యశాల, మఠము నడచినవి.

ఇక సభ్యులలో గొందరు మమ్ము తరచు ప్రశ్నించునది, ఆమె యే కులమున బుట్టినదని. కాకతీయులు తమ శాసనములలో పలుచోట్ల తాము చతుర్థకులజులమనియు దుర్జయ వంశీయులమనియు జెప్పుకొనిరి. మల్కాపుర శాసనము సూర్యవంశమని పొగడినది. ఆమె సింహాసనమును గాపాడినవారిలో రేచెర్ల ప్రసాదిత్యుడు, కాయస్థ జన్నిగదేవుడు మొదలగు భిన్నవంశీయు లుండిరి. కావున నే సంఘమైనను, మన సంఘమైనను, ఆమె మాదియే యనుట శాసనములకు విరుద్ధము. అంతకన్న మనము చేయదగినది వేరొకటి గలదు. సంఘముల దాతల పట్టికలలో స్త్రీలు పలువురు భర్తల పేర్ల చాటుననే కనబడుదురు. ఇచ్చినవారి పేరును వారిదిగానే యచ్చొత్తింపవలెనని కార్యదర్శులకు మా మనవి.

కాయస్థ అంబదేవుడు తిరుగబడిన కాలమున రుద్రమదేవి కడపటి దినములు గడచెను. నల్లగొండ జిల్లా చందుపట్లలోని 1289 నవంబరు నాటి శాసనమువలన, ఆమెయు సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగినట్లు తెలియుచున్నది. వారి పుణ్యమునకై భూదానము చేసినవాడు పువ్వుల ముమ్మడి యను నొక సేవకుడు.