కొమఱ్ఱాజు వారి ఆకరాన్వేషణ

నల్లగండ్ల చేరువనున్న హైదరాబాదు విశ్వవిద్యాలయమున సాంఘికశాస్త్రములను పరిశోధించు విద్యార్థి నేడు కావలసిన వ్యాసమును కంప్యూటరుపై నిమిషములో వెదకికొనగలడు. 1901లో ఇదే నగరమున తెలుగువారు కూర్చుండి చదువుకొనుటకై శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పవలసి వచ్చెను. అందుకు పాటుపడినవారిలో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు ఒకరు.

1877లో పెనుగంచిప్రోలున జన్మించిన లక్ష్మణరావుగారు నాగపురమున అక్కగారైన భండారు అచ్చమాంబ నీడలో చదివి, మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. క్రొత్త పరిశోధన మొదట వెలువడునది గ్రంథములలో కాదు, పండిత పత్రికలలోను శాసనసంపుటములలోను అని వారెఱుగుదురు. అవన్నియు పరభాషలలో నుండెను. తెలుగు మాత్రమే తెలిసినవానికి ఆ తలుపు మూసియే యుండెను.

ఆ తలుపు తెఱచుటకే 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినది. తరువాత ఆంధ్ర విజ్ఞానసర్వస్వము. ఒక్కొక్క వ్యాసమునకు ఆకరములు వెదకుట, సరిచూచుట, లేని పారిభాషికపదమును కల్పించుట! పండితులు తోడ్పడినను, మునగాల సంస్థాన దివానుగిరి నడుపుచు చేయదగిన పని కాదది. మూడు సంపుటములు వెలువడినవి. అకారమే వాటిని మ్రింగివేసినది.

1923లో మదరాసున వారు కన్నుమూయునప్పటికి పని సగములోనే నిలిచియుండెను. దానిని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చేపట్టిరి.